తప్పు పట్టే పుస్తకం

దసరా సెలవులకి మా చెల్లెలి కూతురు కాశీనగరం నుంచి పర్లాకిమిడి వచ్చింది. ప్లస్ టూ సైన్సు, రెండో ఏడు. చెప్పులైనా సరిగా విప్పకుండా ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అందులో ఒక పుస్తకాల జాబితా. థామస్, పిస్కునోవ్, మారన్, స్పివాక్, అపోస్టల్, రూడిన్, హార్డీ, ఇంకా నేను పేరైనా వినని అరడజను మంది.

“మావయ్యా, అడ్వాన్స్‌డ్ కాలిక్యులస్ నాకు నేనే చదువుకుంటాను. ఇందులో ఏది కొనమంటావు?”

నేను లెక్కల మాస్టారిని కాను. రైసు మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. ఎప్పుడో బీయస్సీ మేథ్స్ చదివాను కాబట్టి, చుట్టాల్లో ఎవరి పిల్లలకి గణితం మీద మనసు పోయినా, ఎవరి పిల్లలు గణితంలో తప్పినా నా దగ్గరికే తోలతారు. ఫోన్ పక్కన పెట్టి, జేబులో ఉన్న కాటా చీటీ తిప్పి, దాని వెనక ఒక లెక్క రాసిచ్చాను. ఒకటి బై ఎక్స్ స్క్వేర్, మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా ఇంటిగ్రేట్ చెయ్యి.

అర నిమిషం పట్టలేదు. ఇంటిగ్రల్ మైనస్ ఒకటి బై ఎక్స్. పై లిమిట్ వేస్తే మైనస్ ఒకటి, కింది లిమిట్ వేస్తే ఒకటి, తీసేస్తే మైనస్ రెండు. “ఇదేటి మావయ్యా, ఇంత సులువైంది ఇచ్చావు?”

“సరే, గ్రాఫు గియ్యి.”

గీసింది. సున్నాకి అటొకటి ఇటొకటి రెండు గీతలు. రెండూ అడ్డగీతకి పైనే, మధ్యకి వచ్చేసరికి తాటిచెట్లలా నిలువుగా లేచిపోయాయి.

“గీతంతా నేల మీదే ఉంది కదా. దాని కింద వైశాల్యం మైనస్ ఎలా అయిందమ్మా?”

లెక్క మళ్లీ మొదటినుంచి చూసుకుంది. మూడుసార్లు చూసుకుంది. “స్టెప్పులేవీ తప్పు లేవు మావయ్యా,” అంది చివరికి. నిజమే, లేవు. తప్పల్లా లెక్క మొదలుపెట్టడంలోనే ఉంది. పై లిమిట్ వేసి కింది లిమిట్ తీసేసే ఆ సూత్రానికి ముందు ఒక షరతు ఉంటుంది: ఆ మేరంతా ఫంక్షన్ అవిచ్ఛిన్నంగా, అంటే ఎక్కడా తెగకుండా ఉండాలి. ఒకటి బై ఎక్స్ స్క్వేర్‌కి సున్నా దగ్గర అసలు విలువే లేదు, అక్కడికి వచ్చేసరికి అనంతంగా పెరిగిపోతుంది. ఆ వైశాల్యం నిజానికి అనంతం. మైనస్ రెండుకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఆ షరతు ఈ పిల్ల పుస్తకంలో అచ్చయి ఉంది. చదివింది కూడా. కానీ ఇన్నాళ్లూ చేసిన వందల లెక్కల్లో ఒక్కటైనా ఆ షరతు దగ్గర చెయ్యి పట్టి ఆపలేదు. ఇచ్చిన ఫంక్షన్లన్నీ బుద్ధిగా ఉండేవే. ఆపే లెక్క ఎదురుకానప్పుడు షరతు ఉన్నా లేనట్టే.

సొంతంగా చదువుకునే పిల్లలకి పుస్తకం గురించి నేను చెప్పగలిగింది ఇంతే. బాగా వివరించే పుస్తకం కంటే తప్పు పట్టే పుస్తకం ముఖ్యం. మాస్టారున్నవాడికి మాస్టారు తప్పు పడతాడు. తోటి పిల్లలున్నవాణ్ణి వాళ్లు వెక్కిరిస్తారు. కాశీనగరంలో గదిలో ఒక్కతే కూర్చుని చదివే పిల్లని ఎవరు ఆపుతారు? అర్థంకాని చోటు దానంతటదే తెలుస్తుంది, అక్కడ ఎలాగూ ఆగుతాం. అర్థమైపోయిందనుకుని దాటేసిన చోటే తెలియదు.

ఇది ఇంకొకరిని చూసి నేర్చుకున్నది కాదు. 1994లో నాకు పదిహేడేళ్లు. అప్పటికి సోవియట్ యూనియన్ కూలి మూడేళ్లయింది. మాస్కో మీర్ ప్రచురణాలయం వాళ్ల సైన్సు పుస్తకాలు ఇంకా అక్కడక్కడ కొట్లలో మిగిలి ఉండేవి, టీ టిఫిను ఖర్చుతో పుస్తకం వచ్చేది. మా చిన్న రైలెక్కి, అది ఊగుతూ తూగుతూ నౌపడా చేరాక పెద్ద రైలు పట్టుకుని విశాఖపట్నం వెళ్లాను. (ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయింది. ఇప్పుడు అదే దారిలో పెద్ద పట్టాలు. తొందరగా చేరుస్తుంది, నిజమే గాని, అందులో కూర్చుని ఒక అధ్యాయం పూర్తిచేయడం కుదరదు.) పిస్కునోవ్ కలన గణితం మొదటి భాగం దొరికింది. రెండోది లేదు. మొదటిదే తెచ్చుకుని ఏడాదిన్నర చదివాను. రెండు లాంగ్ నోటుబుక్కులు నింపాను. సిద్ధాంతాలకి ఎర్ర సిరా, ఉదాహరణలకి నీలం. ఆ నోటుబుక్కులు చూసుకుంటే నాకే ముచ్చటేసేది.

డిగ్రీ రెండో ఏట మా లెక్చరరుగారు క్లాసులో నన్ను లేపారు. “టాన్ ఇన్వర్స్ ఎక్స్‌కి టాన్ ఇన్వర్స్ వన్ బై ఎక్స్ కలిపితే ఎంత?” డెరివేటివ్ తీశాను. మొదటిదానికి ఒకటి బై ఒకటి ప్లస్ ఎక్స్ స్క్వేర్, రెండోదానికి అదే మైనస్‌తో. కలిపితే సున్నా. డెరివేటివ్ సున్నా అయితే ఫంక్షన్ స్థిరం. ఎక్స్‌కి ఒకటి వేస్తే పై బై ఫోర్, పై బై ఫోర్, కలిసి పై బై టూ. కాబట్టి ఎప్పుడూ పై బై టూ. గొంతు పెంచి మరీ చెప్పాను.

“మైనస్ ఒకటి వెయ్యి.”

వేశాను. మైనస్ పై బై టూ వచ్చింది. ఎప్పటికీ మారనిదని ఇప్పుడే రుజువు చేసిన స్థిరసంఖ్య నా కళ్లముందే గుర్తు మార్చుకుంది.

డెరివేటివ్ సున్నా అయితే ఫంక్షన్ స్థిరం అన్న మాట ఒక అంతరం మీద, అంటే మధ్యలో తెగని మేర మీద మాత్రమే నిజం. ఇక్కడ సున్నా దగ్గర తెగిపోయింది. ఎడమవైపు ఒక స్థిరం, కుడివైపు మరో స్థిరం. ఆ 'అంతరం' అన్న మాట నా ఎర్ర సిరాలో కూడా ఉంది, ఇంటికెళ్లి చూశాను. రాశాను గాని, అది లేకపోతే ఏం కూలుతుందో ఒక్కసారీ ప్రయత్నించి చూడలేదు. పిస్కునోవ్‌ని తప్పుపట్టను. మంచి పుస్తకం, ఇంజినీరింగుకి వెళ్లేవాళ్లకి ఇప్పటికీ పనికొచ్చేది. అది నాకు దారి చూపిస్తూ పోయింది, నేను వెనకే నడుస్తూ పోయాను. ఎక్కడా పడలేదు కాబట్టి నడక వచ్చేసిందనుకున్నాను.

ఇలాంటి చర్చ వస్తే ఎవరో ఒకరు రామానుజన్ పేరెత్తుతారు. కార్ రాసిన సూత్రాల సంకలనం ఒక్కటి చేతికి దొరికితే పదహారేళ్ల కుర్రాడు ప్రపంచాన్ని గెలిచాడు కదా, పుస్తకం ఏదైతేనేం అంటారు. ఆ కథలో రెండో సగం కూడా చెప్పుకోవాలి. కార్ పుస్తకంలో వేలకొద్దీ ఫలితాలు ఉంటాయి, రుజువులు మాత్రం ముక్కలు ముక్కలుగా, చాలాచోట్ల లేనట్టే. రామానుజన్ నోటుబుక్కులూ అదే అచ్చులో వచ్చాయి. 1913లో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరం రాసేనాటికి ప్రధానసంఖ్యల గురించి ఆయన నమ్మిన కొన్ని సంగతులు నిజానికి తప్పు. ఎక్కడ తప్పిందో చెప్పడానికి కేంబ్రిడ్జిలో మనిషి కావలసి వచ్చింది. అంతటివాడికే తప్పు పట్టే తోడు అక్కరకొస్తే మన పిల్లలకి అక్కర్లేదా? (ఆయన 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం పారిపోయి వచ్చాడు. ఈ పక్క వాళ్లమని ఆ ఒక్క విషయంలో మేం గర్వంగా చెప్పుకుంటాం, ఆయన అప్పుడు దిగులుతో వచ్చాడన్న సంగతి వదిలేసి.)

భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ కథ కూడా అలాంటిదే. హైస్కూల్లోనే వుడ్స్ రాసిన అడ్వాన్స్‌డ్ కాలిక్యులస్ చదివి, ఇంటిగ్రల్ గుర్తు లోపల డెరివేటివ్ తీసే కిటుకు పట్టాడని అందరూ చెబుతారు. క్లాసులో అల్లరి చేస్తున్నాడని ఆ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టినవాడు ఒక మాస్టారన్న సంగతి మాత్రం మర్చిపోతారు.

పుస్తకాల్లోకి వెళ్లేముందు అసలు 'అడ్వాన్స్‌డ్' అంటే ఏమిటో తేల్చుకోవాలి. రెండు వేరువేరు పనులకి ఈ ఒక్క పేరు తగిలిస్తారు. ఉన్న బావినే ఇంకా లోతుకి తవ్వడం ఒకటి: లిమిట్ అంటే నిజంగా ఏమిటి, వాస్తవసంఖ్యలంటే ఏమిటి, ఏ సిద్ధాంతానికి ఏ షరతు ఎందుకు. చెరువు వెడల్పు చేసుకుంటూ పోవడం ఇంకొకటి: రెండు మూడు చలరాశులు, పాక్షిక అవకలనాలు, ద్విగుణ త్రిగుణ సమాకలనాలు, గ్రీన్, స్టోక్స్ సిద్ధాంతాలు. పిల్లలు సాధారణంగా రెండోది అడుగుతారు, కొత్త గుర్తులుంటాయి కాబట్టి. నా ఓటు మొదటిదానికి. ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను: ఈ రెండిట్లో ఏదీ జేఈఈలో నేరుగా అడగరు, అడ్వాన్స్‌డ్‌లో కూడా. ర్యాంకు కోసమైతే ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి పాత ప్రశ్నపత్రాలు చేసుకోవచ్చు, నేనేమీ అనుకోను.

మొదట చేతిలో ఉన్న పుస్తకం సంగతి. ఎన్సీఈఆర్టీని తక్కువగా చూసేవాళ్లు నాకు నచ్చరు. సైన్ ఎక్స్ బై ఎక్స్, ఎక్స్ సున్నాకి చేరితే ఎంతవుతుందో ఏ కోచింగు పిల్లణ్ణయినా అడగండి. “లోపిటాల్ రూలు సార్! పైనా కిందా డెరివేటివ్ తీస్తే పైన కాస్, కింద ఒకటి, జవాబు ఒకటి.” సైన్‌కి డెరివేటివ్ కాస్ అని ఎలా తెలిసింది బాబూ అంటే బిక్కమొహం. నిర్వచనం నుంచి సైన్ డెరివేటివ్ తీయాలంటే సరిగ్గా ఈ లిమిటే కావాలి. దొంగ తనకి తానే సాక్ష్యం చెప్పుకున్నట్టయింది. ఎన్సీఈఆర్టీ 11వ తరగతి పుస్తకం వృత్తం గీసి, చిన్న త్రిభుజానికీ పెద్ద త్రిభుజానికీ మధ్య వృత్తపు సెక్టారుని ఇరికించి ఈ లిమిట్‌ని నిజాయితీగా తెస్తుంది. ఆ పేజీ అర్థం చేసుకున్నవాడికి లోపిటాల్ పేరు తెలియకపోయినా నష్టం లేదు.

అయితే 2022లో భారం తగ్గిస్తామంటూ 12వ తరగతి పుస్తకం నుంచి రోల్ సిద్ధాంతాన్నీ మధ్యమ మూల్య సిద్ధాంతాన్నీ తీసేశారు. ఇది నాకు మింగుడు పడలేదు. డెరివేటివ్ సున్నా అయితే ఫంక్షన్ స్థిరం అనే మాటకి, డెరివేటివ్ పాజిటివ్ అయితే ఫంక్షన్ పెరుగుతుంది అనే మాటకి ఆధారం, సగటు వేగం ఎంతో మధ్యలో ఎక్కడో ఒకచోట అసలు వేగం కూడా అంతే ఉండి తీరాలని చెప్పే ఆ మధ్యమ మూల్య సిద్ధాంతమే. దూలం తీసేసి పెంకులు అలాగే ఉంచారు. మా మేనకోడలికి నేను మొదట ఇప్పించిన పుస్తకం ఆ జాబితాలో లేనే లేదు. మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళ్తే ఇంటర్ అయిపోయిన పిల్లల దగ్గర తెలుగు అకాడమీ పాత 1బి పుస్తకం దొరుకుతుంది. అందులో రోల్ సిద్ధాంతమూ, లెగ్రాంజ్ పేరుతో ఆ మధ్యమ మూల్య సిద్ధాంతమూ ఉన్నాయి, అంతకంటే ముఖ్యంగా తెలుగులో ఉన్నాయి. తెలుగు సంగతికి మళ్లీ వస్తాను.

సిల్వానస్ థామ్సన్ 1910లో రాసిన కాలిక్యులస్ మేడ్ ఈజీ భయం పోగొట్టడానికి బాగుంటుంది. డీఎక్స్ అంటే ఎక్స్‌లో ఒక రవ్వంత, అంతే పొమ్మంటాడు. మాట్రిక్ అయిన సెలవుల్లో చదివితే హాయి. ప్లస్ టూ రెండో ఏట దాన్ని పట్టుకుంటే ఈతొచ్చినవాడు టైరు ట్యూబు వేసుకున్నట్టే. అది ఎవరి తప్పూ పట్టదు, పట్టాలని రాసింది కూడా కాదు.

థామస్ పుస్తకం ఇటుకంత లావు. బొమ్మలు చక్కగా ఉంటాయి, లెక్కలు కొల్లలు, బేసి సంఖ్య లెక్కలకి చివర జవాబులు. భౌతికశాస్త్రం ఇష్టమున్న పిల్లకి ఇదే కొనిపిస్తాను. కానీ ఒంటరి పాఠకుడికి చివరి జవాబు సరిపోవడం పెద్ద భరోసా కాదు. లెక్కల కసరత్తు కావాలంటే మారన్ ఉంది, డెమిడోవిచ్ ఉంది. డెమిడోవిచ్‌లో మూడు వేలకు పైగా లెక్కలు. అన్నీ చేసిన మనిషి ఎక్కడైనా ఉంటే దండం పెడతాను. నేను కోరేది అన్నీ చేయడం కాదు, మారన్‌లో పరిష్కరించిన ఉదాహరణని అరచేత్తో మూసి, చేసి, తర్వాత చెయ్యి తీసి చూడటం. లిమిట్ల అధ్యాయమొక్కటి అలా చేస్తే చాలు.

అసలు పోటీ స్పివాక్‌కీ అపోస్టల్‌కీ మధ్య.

స్పివాక్ పుస్తకం 1967లో వచ్చింది. పేరు ఉత్త 'కాలిక్యులస్'. తెరిస్తే మొదటి అధ్యాయంలో కాలిక్యులస్ కనపడదు. సంఖ్యల మామూలు ధర్మాలతో మొదలెట్టి, రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో రుజువు చేస్తాడు. ఆరో తరగతిలో మాస్టారు “అదంతే” అని చెప్పి వదిలేసిన సంగతి. లిమిట్ ఐదో అధ్యాయంలో, డెరివేటివ్ తొమ్మిదిలో, ఇంటిగ్రల్ పదమూడులో వస్తాయి. మధ్యలో మూడు కఠిన సిద్ధాంతాలని ఒక అధ్యాయం పెట్టి, వాటిని వెంటనే రుజువు చేయకుండా ముందు వాటి ఉపయోగం చూపించి, తర్వాత అధ్యాయంలో కనిష్ఠ ఎగువ హద్దు (పైనున్న హద్దులన్నిట్లో అతి చిన్నది) తెచ్చి రుజువు చేస్తాడు. ఈ ఆపి చెప్పే పద్ధతి నాకు చాలా ఇష్టం. అప్పు ముందిచ్చి, వాయిదా రోజుకి వచ్చి గుమ్మంలో నిలబడే షావుకారులా ఉంటాడు.

కానీ ఆ పుస్తకం ప్రాణమంతా అధ్యాయాల చివరి లెక్కల్లో ఉంది. 'చూపించుము', 'కనుగొనుము' మాత్రమే కాదు, ఇది నిజమా, కాకపోతే ఒక ఉదాహరణతో పడగొట్టు అని అడుగుతాడు. ఎక్స్ స్క్వేర్ సైన్ వన్ బై ఎక్స్ అనే ఫంక్షన్ తీసుకోండి, సున్నా దగ్గర విలువ సున్నా అని పెట్టండి. దీనికి అన్నిచోట్లా డెరివేటివ్ ఉంది, సున్నా దగ్గర కూడా. కానీ ఆ డెరివేటివ్ సున్నా దగ్గర అవిచ్ఛిన్నం కాదు, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ ఒకటికీ మైనస్ ఒకటికీ మధ్య కొట్టుకుంటూనే ఉంటుంది. ఇలాంటి వంకర ఫంక్షన్ ఒక్కటి పరిచయమయ్యాక బుద్ధిగా ఉండే ఫంక్షన్ల మీద గుడ్డి నమ్మకం పోతుంది. నా పిస్కునోవ్ రోజుల్లో ఇదొక్కటి తెలిసుంటే ఎర్ర సిరా కాస్త ఆదా అయ్యేది.

అపోస్టల్ దారి వేరు. మొదట ఇంటిగ్రల్, తర్వాతే డెరివేటివ్. ఆర్కిమిడీస్ పరావలయం కింద వైశాల్యం ఎలా పట్టాడో చూపిస్తూ తలుపు తీస్తాడు. చరిత్రలో జరిగిన వరస కూడా అదే కదా. గంభీరంగా, అక్షరం పొల్లు పోకుండా నడుస్తుంది. రెండో భాగంలో సరళ బీజగణితం, బహు చలరాశుల కలనం కూడా ఉండటంతో వెడల్పు కావలసినవాళ్లకి అదే దారి. గ్రంథంగా చూస్తే ఇదే బరువైనది. కానీ ఒంటరి పిల్లకి ఏది అంటే స్పివాక్ అంటాను. అపోస్టల్ పెద్దమనిషి, మన తప్పు చూసినా మర్యాదకి ఊరుకుంటాడు. స్పివాక్ ఊరుకోడు.

రూడిన్ వద్దు. 1953 నుంచి ప్రపంచమంతా డిగ్రీ, ఎంయస్సీ పిల్లల్ని ఏడిపించి మనుషుల్ని చేసిన పుస్తకం, కాదనను. రుజువులు మూడు వరుసల్లో తేలిపోతాయి, మిగతా ముప్ఫై వరుసలు మనం రాసుకోవాలి. హైస్కూలు వయసులో చాలామంది దాన్ని కొనేది చదవడానికి కాదు, బల్ల మీద పెట్టుకోవడానికి. నేనూ కొన్నాను కాబట్టే చెబుతున్నాను. డబ్బుల్లేనివాళ్లకి హార్డీ 1908లో రాసిన ఎ కోర్స్ ఆఫ్ ప్యూర్ మేథమేటిక్స్ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది, హక్కుల గొడవ లేకుండా. ఇంగ్లీషు కాస్త పాతకాలపుది. ఓపికుంటే అంతకంటే మంచి స్నేహితుడు లేడు.

వెడల్పు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఎక్స్‌వై బై ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్, మూలబిందువు దగ్గర లిమిట్ ఎంత? ఎక్స్ అక్షం మీదుగా వస్తే సున్నా. వై అక్షం మీదుగా వచ్చినా సున్నా. వై ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ అనే గీత మీదుగా వస్తే సగం. అంటే లిమిట్ లేదు. ఒక చలరాశిలో కుడి ఎడమలు చూసుకుంటే సరిపోయేది, ఇక్కడ దారులకి అంతు లేదు. ఇది చూసి ఆశ్చర్యపోయే పిల్ల ముందుకి వెళ్లొచ్చు. “సరే, మరి ఫార్ములా ఏటి?” అనేవాళ్లు ఇంకో ఏడాది ఆగాలి.

ఇప్పుడు భాష. సరిహద్దులో ఉండే మాకు ఇది అందరికంటే ఎక్కువ. మా మేనకోడలు ఒక్క ముక్కలో చెప్పింది: “సార్ ఒడియాలో చెప్తారు, బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తారు, నేను తెలుగులో అనుకుంటాను.” ఇంగ్లీషు పుస్తకం చదివితే ఇంగ్లీషులోనే ఆలోచించమని సలహా ఇచ్చే పెద్దలుంటారు. నేను ఒప్పుకోను. గణితం ఇంగ్లీషులో కొత్త మాటలు కొన్ని వందలకి మించవు, మూడు నెలల్లో అలవాటవుతాయి. చిక్కంతా మాటల వరసలో ఉంది. లిమిట్ నిర్వచనంలో ఎప్సిలాన్, డెల్టా అని రెండు చిన్న దూరాలొస్తాయి. ప్రతి ఎప్సిలాన్‌కీ ఒక డెల్టా ఉంది అనడం వేరు, ఒక డెల్టా ఉంది, అది ప్రతి ఎప్సిలాన్‌కీ సరిపోతుంది అనడం వేరు. ఇంగ్లీషులో చదివినప్పుడు ఈ పిల్లకి రెండూ ఒకేలా వినిపించాయి.

మా మిల్లులో ఆరు గోదాములు, ఆరు తాళంకప్పలు. “ప్రతి కప్పకీ ఒక తాళంచెవి ఉంది” అంటే గుత్తిలో ఆరు చెవులుంటాయి. “ఒక తాళంచెవి ఉంది, ప్రతి కప్పకీ పడుతుంది” అంటే ఆ చెవి పోయిందా, ఓనరుగారు నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. ఈ తేడా తెలియని మనిషి తెలుగునాట లేడు. ఇది పట్టుకున్నాక, ఇచ్చిన ఎప్సిలాన్‌కి ఒక్కో బిందువు దగ్గర ఒక్కో డెల్టా వెతుక్కుంటే అవిచ్ఛిన్నత, అన్ని బిందువులకీ ఒకే డెల్టా సరిపోతే ఏకరూప అవిచ్ఛిన్నత అని చెబితే నవ్వేసింది. “గోదాం తాళాలే కదా!”

గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మాస్టారుగా చేరింది ఈ ఊరి రాజావారి బడిలోనే. చదువు పుస్తకం మనిషి మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా పోట్లాడారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది, ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, మేం మిగిలాం. ఆయన పోరాటంలో గణితం మాట వచ్చిందో లేదో గాని, నాకు అది అక్కడికే చేరుతుంది. కేరళలో జ్యేష్ఠదేవుడు 16వ శతాబ్దిలో యుక్తిభాషని సంస్కృతంలో కాకుండా మలయాళంలో రాశాడు, సైన్ శ్రేణికీ ఆర్క్‌టాన్ శ్రేణికీ ఉపపత్తులతో సహా. ఎందుకు అనేది ఇంటి భాషలో చెప్పుకోవచ్చని నాలుగైదు వందల ఏళ్ల కిందటే తేలిపోయింది.

అందుకే ఆ పిల్లకి ఒక నియమం పెట్టాను. రుజువు ఇంగ్లీషులో చదువు, మూసేసి మీ అమ్మకి తెలుగులో చెప్పు. మా చెల్లికి గణితం రాదు. కానీ “అదెందుకు?” అని అడగడం వచ్చు, అందులో ఆమెని మించినవాళ్లు మా వంశంలో లేరు. బియ్యం చెరుగుతూ వింటుంది. “అలగెలగ అయిపోద్ది? మధ్యలో ఏదో వదిలేసినావు” అంటుంది. నూటికి డెబ్భైసార్లు నిజంగానే ఏదో వదిలేసి ఉంటుంది.

మా బావకి ఇదంతా నచ్చలేదు. ఆయన వాదన కొట్టిపారేయదగ్గది కాదు. “పరీక్షకి ఆరు నెలలుంది. అందరి పిల్లలూ రోజుకి వంద లెక్కలు చేస్తుంటే మనది నాలుగు రోజులు ఒక్క లెక్క పట్టుకు కూర్చుంటాదా?” దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. లోతుగా చదివితే ర్యాంకు కూడా వస్తుందని కొందరు రాస్తారు. రావచ్చు, రాకపోవచ్చు, నేను హామీ ఉండను. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు మాత్రమే స్పివాక్, మిగతా వారమంతా పరీక్ష పుస్తకాలని రాజీ కుదిరింది. ఆ మూడు గంటల్లో ఒక్క లెక్క తేలినా లాభమే, తేలకపోయినా వచ్చే ఆదివారానికి అది బుర్రలో నానుతుంది.

పుస్తకం బరంపురంలో పాతది దొరికింది. మునుపెవరో మొదటి మూడు అధ్యాయాల దాకా పెన్సిల్‌తో గీతలు పెట్టి, నాలుగో అధ్యాయం నుంచి చెయ్యి ముట్టలేదు. స్పివాక్ లెక్కల పరిష్కారాలతో విడిగా ఒక జవాబుల పుస్తకం ఉంది, దాన్ని కూడా తెప్పించాను. అసలు పుస్తకం కాశీనగరంలో, జవాబుల పుస్తకం మిల్లులో నా బల్ల సొరుగులో. తన జవాబు ఫోటో తీసి పంపాకే నేను సొరుగు తెరుస్తాను. ఒంటరిగా చదివేవాళ్లు ఈ ఒక్క ఏర్పాటు ఎలాగైనా చేసుకోవాలి. జవాబు దగ్గర పెట్టుకుని దొంగచూపు చూడకుండా ఉండటం మునులకే కష్టం. ఆ సొరుగు కాపలా కాసేవాడికి గణితం రావాలని కూడా లేదు, గుండె కాస్త గట్టిదైతే చాలు.

మొన్న రాత్రి ఎనిమిదింటికి ఫోన్. లారీ లోడవుతోంది, హమాలీల కేకల మధ్య సరిగా వినపడలేదు. “మావయ్యా, ఒక్క బిందువు దగ్గర డెరివేటివ్ పాజిటివ్ అనుకో. దాని చుట్టుపక్కల కాస్త మేరైనా ఫంక్షన్ పెరుగుతూ ఉండాలి కదా?”

“ఎన్నో లెక్క అది?” అన్నాను, చెయ్యి సొరుగు మీదకి పోతూ.

“లెక్క కాదు మావయ్యా. నాకే అనుమానం వచ్చింది.”

ఉండాలి కదా అని నోటిదాకా వచ్చింది. కాటా చీటీ ఒకటి తిప్పి, ఎక్స్ స్క్వేర్ సైన్ వన్ బై ఎక్స్ అని రాసి, దానికి ఎక్స్‌లో సగం కలిపితే ఏమవుతుందో చూద్దామని గీత మొదలుపెట్టాను. “రెండొందల బస్తాలయ్యాయండీ, చీటీ ఇవ్వండి” అని డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో ఉన్నది ఆ లారీ చీటీయే.